ఓటు పాటకా? చుట్టానికా?

మొన్నొక రాత్రి తొమ్మిదిన్నర వేళ, గిన్నెలు సర్దేసి, పొద్దుటికి ఇడ్లీ పిండి మీద మూతపెట్టి, అమ్మయ్య అని చతికిలబడ్డానో లేదో, పక్కింటి వదిన ఫోను చేతబట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"వదినా, ఓటేసినవా?"

నా గుండె గతుక్కుమంది. నాకు తెలియకుండా ఏ ఎన్నికలు వచ్చిపడ్డాయా అని.

"ఏం ఓటు వదినా?"

"గట్లడుగుతవేంది? టీవీల పాటల పోటీ! మనోడు ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరంల ఉన్నడు. రాత్రి పన్నెండు దాకనే టైమంట. నాది, మీ అన్నది, పిల్లలవి, నాలుగు ఫోన్లకెల్లి కొట్టిన."

"మంచిదే. ఇంతకూ ఎట్లా పాడాడు?"

వదిన ఒక్క క్షణం తెల్లబోయింది. "పాటనా? అప్పుడు నేను రొట్టెలు చేస్తున్న, వినలే. అయినా వినేదేముంది, మనోడే గదా!"

వదిన వెళ్ళిపోయింది. ఆ ఆఖరి మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. వినేదేముంది, మనవాడే కదా! ఓటు వేయవలసింది పాటకు. ఆ పాటే వినలేదు. నాలుగు ఓట్లు మాత్రం పడిపోయాయి. పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్లను చూడకుండానే, "మా ఊరి సంబంధమే కదా" అని తాంబూలాలు పుచ్చుకున్నట్టుంది కదూ?

వదినను ఆడిపోసుకోవడానికి ఇది రాయడం లేదు. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదట. నా నలుపు నేనే ముందుగా చూపిస్తాను.

2006లో ఇండియన్ ఐడల్ రెండో విడతలో మన కారుణ్య చివరి మెట్టు దాకా వెళ్ళిన సంగతి మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. అప్పట్లో మా ఏటూరునాగారంలో సెల్‌ఫోను సిగ్నలంటే దైవదర్శనమే. డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన ఒక మూల నిలబడి, చెయ్యి పైకెత్తితే రెండు గీతలు కనిపించేవి. మా ఆయన టార్చిలైటు పట్టుకుంటే, దోమలు నన్ను పట్టుకుంటే, ఎనిమిది మెసేజీలు పంపాను. ఒక్కొక్కటీ మామూలు మెసేజీ కన్నా ఎక్కువ ధర. కూరగాయలవాడి దగ్గర అర్ధరూపాయికి పేచీపెట్టే మనిషిని, ఆ రాత్రి లెక్క చూసుకోలేదు.

గెలిచింది రాజస్థాన్‌లోని బికనేరు కుర్రాడు సందీప్ ఆచార్య. మా ఇంట్లో ఆ రాత్రి అన్నాలు సరిగా సాగలేదు. "ఉత్తరాదివాళ్ళంతా ఒక్కటై మనవాణ్ణి తొక్కేశారు" అని మా ఆయనా, "ఆ పిల్లాడికి గొంతేదీ?" అని నేనూ. వీధి అరుగుల మీద వారం రోజులు ఇదే భాగోతం.

నిజం చెప్పనా? సందీప్ ఆచార్య పాట ఒక్కటంటే ఒక్కటి కూడా నేను పూర్తిగా వినలేదు. అతను మైకు పుచ్చుకోగానే లేచి వంటింట్లోకి వెళ్ళి పాలు కాచుకునేదాన్ని. 2013 డిసెంబరులో ఆ అబ్బాయి కామెర్లతో, ముప్ఫై ఏళ్ళైనా నిండకుండానే చనిపోయాడని పేపర్లో చదివాను. మనసు చివుక్కుమంది. ఆ మధ్యాహ్నం మా పిల్లవాడిచేత అతని పాటలు పెట్టించుకుని కూర్చుని విన్నాను. హాయిగా, బెరుకు లేకుండా పాడాడు. మన కారుణ్య అంతకన్నా బాగా పాడాడనే ఇప్పటికీ అనుకుంటాను. కాని, ఆ మాట అనే హక్కు 2006లో నాకెక్కడిది? ఒకరిని విని, ఒకరిని వినకుండా, ఇద్దరిలో ఎవరు గొప్పో తేల్చేశాను. ఏడేళ్ళ తర్వాత విన్నదాన్ని ఆ రోజే వింటే ఏం పోయేది? పాలు కాస్త ఆలస్యంగా కాగేవి, అంతేగా!

"పాటకే కదమ్మా, ఇంత రాద్ధాంతమా?" అంటారేమో. అయితే 2007 సంగతి వినండి.

ఇండియన్ ఐడల్ మూడో విడతలో చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు ప్రశాంత్ తమాంగ్, డార్జిలింగు కొండల గూర్ఖా కుర్రాడు, కలకత్తా పోలీసు శాఖలో కానిస్టేబులు. రెండోవారు అమిత్ పాల్, మేఘాలయలోని షిల్లాంగు వాసి. కొండల్లో జనం చందాలు పోగుచేసుకుని మరీ ఓట్లు వేశారు. ఆ ఏడాది సెప్టెంబరు 23న ప్రశాంత్ గెలిచాడు. సంబరాలు ఇంకా ముగియకముందే ఒక రేడియో వ్యాఖ్యాత గూర్ఖాలంటే కాపలావాళ్ళే కదా అన్న ధోరణిలో వెకిలిగా మాట్లాడాడు. సిలిగురిలో ఊరేగింపులు, రాళ్ళు, నిప్పు, చివరికి కర్ఫ్యూ. ప్రశాంత్ కోసం ఓట్లు కూడగట్టడంలో ముందున్న బిమల్ గురుంగ్ ఆ వెంటనే అక్టోబరులో గూర్ఖా జనముక్తి మోర్చా అనే పార్టీయే పెట్టాడు. పాటల పోటీలో మొదలైన ఓట్ల లెక్క ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం దాకా నడిచింది.

ఆ గూర్ఖాలను నేను తప్పుపట్టను. దేశమంతా తమను గేటు దగ్గర నిలబెట్టి చూస్తున్నదన్న బాధ వాళ్ళది. ఆ బాధకు ఓటు ఒక నోరైంది. అటు షిల్లాంగులో ఒక మంచి కూడా జరిగింది. అమిత్ పాల్ బెంగాలీ కుటుంబంలో పుట్టినవాడు. అక్కడి గిరిజనులకూ బెంగాలీలకూ మధ్య ఏళ్ళ తరబడి పొరపొచ్చాలున్నాయి. అయినా ఖాసీలు అతనికి ఓట్లు వేశారు. మేఘాలయ ప్రభుత్వం అతన్ని శాంతికి రాయబారిగా ప్రకటించింది. తమ కులమూ భాషా కాని పిల్లవాణ్ణి తమవాడు అనుకున్నారే, అదీ నాకు నచ్చింది. అంత హోరులో ఇద్దరిలో ఎవరు శ్రుతిలో పాడారు, ఎవరు తప్పారు అన్న మాట ఎవరికైనా గుర్తుందా? నాకైతే అనుమానమే.

ఇక మా వీధి ఆడవాళ్ళ అసలు వాదానికి వస్తాను. "వాళ్ళ పిల్లలకు వాళ్ళు వేసుకుంటరు. మన పిల్లలకు మనం ఏసుకోకుంటే ఎవరేస్తరు?" అంటారు. ఈ మాటలో న్యాయం లేకపోలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం హిందీ మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 52 కోట్ల పైచిలుకు. తెలుగువాళ్ళం 8 కోట్ల పైచిలుకు. అంటే మనం ఒక్కరం, అటు ఆరుగురు. తలలు లెక్కపెడితే మన పిల్లవాడు కోకిలై పాడినా ఓడిపోవాలి. (అయినా 2010లో శ్రీరామచంద్ర గెలిచాడు, 2017లో రేవంత్ గెలిచాడు. అంటే మనవాళ్ళు కానివాళ్ళు కూడా వేల మంది వేసి ఉండాలి కదా? ఆ పుణ్యాత్ములకు మనం ఎన్నడైనా కృతజ్ఞత చెప్పామా?)

సరే, ఆరుగురికి ఒక్కరం. అన్యాయమే అనుకుందాం. ఇప్పుడు మా ఏటూరునాగారానికి రండి. గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న ఊరు మాది. ఊరు దాటి ఎటు నడిచినా కోయగూడేలే. కోయ భాష మాట్లాడేవాళ్ళు అదే 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద 4 లక్షల పైచిలుకు. అంటే ఒక్క కోయ మనిషికి ఇన్నూరు మంది తెలుగువాళ్ళం. హిందీవాళ్ళు ఆరు రెట్లున్నారని మనం గగ్గోలు పెడుతున్నామే, మనం ఇన్నూరు రెట్లున్నామని వాళ్ళు ఎవరితో చెప్పుకోవాలి? మన పెద్దత్త మనల్ని అన్నమాటే మనం చిన్న తోడికోడల్ని అంటున్నాం. మనవాడికే ఓటు అన్న సూత్రం పెట్టుకుంటే, ఏ గూడెం పిల్లా ఏ పోటీలోనూ, ఎన్నడూ, ఎంత బాగా పాడినా గెలవదు. అది లెక్క. ఏడ్చినా మారదు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. యూరపులో దేశదేశాల పాటల పోటీ ఒకటుంది, యూరోవిజన్ అంటారు. 1956లో స్విట్జర్లాండులోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైంది. ప్రతి ఏడూ దేశానికొక పాట చొప్పున పాడతారు. అందులో రెండు కట్టుబాట్లు నాకు ముచ్చటగా తోచాయి. ఒకటి, ఏ దేశమూ తన పాటకు తాను ఓటు వేసుకోకూడదు. జర్మనీలో ఉన్నవాళ్ళు జర్మనీ పాటకు వేయలేరు. తక్కినవాళ్ళలో ఎవరు బాగా పాడారో చచ్చినట్టు వినాల్సిందే. రెండు, దేశం పెద్దదైనా చిన్నదైనా చేతిలో ఉండే మార్కులు ఒకటే. 1975 నుంచి అమలవుతున్న పద్ధతి ప్రకారం బాగా నచ్చిన పాటకు 12, తర్వాతదానికి 10, ఆ తర్వాత 8 నుంచి 1 దాకా. ఎనిమిది కోట్ల జర్మనీ ఇచ్చే 12కూ, అయిదు లక్షల చిల్లర జనమున్న మాల్టా ఇచ్చే 12కూ విలువలో తేడా లేదు.

అక్కడంతా ధర్మరాజులే ఉన్నారనుకోకండి. గ్రీసూ సైప్రసూ ఏళ్ళ తరబడి ఒకరికొకరు 12 మార్కులు ఇచ్చుకుంటూనే ఉన్నాయి. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం! 1990ల చివర జనం ఫోనులో ఓటు వేసే ఏర్పాటు వచ్చాక ఇరుగుపొరుగు వాయనాలు మరీ ఎక్కువయ్యాయన్న గొడవ లేచింది. దాంతో 2009 ఫైనల్లో సంగీతం తెలిసిన న్యాయనిర్ణేతలకు సగం, జనానికి సగం అన్నారు. అదీ పేచీయే. 2022లో ఉక్రెయిన్ పాటకు జనం ఓట్లలో 439 మార్కులు వచ్చాయి. అన్ని మార్కులు అంతకుముందు ఏ పాటకూ రాలేదు. యుద్ధంలో ఉన్న దేశం మీది జాలి అది. ఆ జాలిని నేను ఎగతాళి చేయను, ఆ రోజు నాకు ఓటుంటే నా చెయ్యీ అటే పోయేదేమో. కాని, అది పాటకు పడిన ఓటని మాత్రం గుండెమీద చెయ్యివేసుకుని చెప్పలేను.

మా చిన్నమ్మ కూతురు జర్మనీలో ఉంటుంది. 2023 మే నెలలో లివర్‌పూలులో జరిగిన ఆ పోటీని నాకు చూపించి తీరాలని పట్టుబట్టింది. "నాకు ఆ భాషలు రావే" అన్నా వినలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. ఫైనల్లో 26 పాటలు. ఒక్క భాషా నాకు తెలియదు. ఒక్క మనిషీ నావాడు కాడు. ఆ మధ్యాహ్నం నాకు ఒక విచిత్రం జరిగింది. ఇరవై ఆరు పాటలూ విన్నాను! ఎవరి వంతు వచ్చినా వంటింట్లోకి పోబుద్ధి కాలేదు. ఓడిపోవలసినవాళ్ళు లేరు, గెలిచి తీరవలసినవాళ్ళు లేరు.

స్వీడన్ అమ్మాయి లొరీన్ రెండు వెలుగుపలకల మధ్య పడుకుని లేచి, ఇంతింత గోళ్ళతో చేతులు తిప్పుతూ పాడింది. గొంతు బ్రహ్మాండం, ఆ గోళ్ళతో అన్నం ఎట్లా తింటుందోనని నా బెంగ. ఫిన్లాండు కుర్రాడు కారియా చెక్కపెట్టెలోంచి ఊడిపడి, ఆకుపచ్చ బుడగ చేతుల చొక్కాతో, తన సొంత ఫిన్నిష్ భాషలో గోలగోలగా ఎగిరాడు. మా పిల్లలు లేచి ఆడారు. ఇటలీ ఆయన మార్కో మెంగోనీ హంగులేమీ పెద్దగా లేకుండా తన భాషలోనే పాడాడు. చింతపండు చేతిలో అలాగే ఉండిపోయింది. నా 12 మార్కులు ఆయనకే. జర్మనీ పాట నాకూ నచ్చలేదు, మిగతావాళ్ళకూ నచ్చినట్టు లేదు, అట్టడుగున నిలిచింది. "నేను జర్మనీకి వేయొద్దన్న రూలే నన్ను కాపాడిందక్కా" అని మా చెల్లెలు నవ్వింది.

జనం ఓట్లలో ఫిన్లాండుకు 376, స్వీడన్‌కు 243. న్యాయనిర్ణేతల మార్కుల్లో స్వీడన్‌కు 340, ఫిన్లాండుకు 150. మొత్తం మీద స్వీడన్ 583తో గెలిచింది. నా ఇటలీ నాలుగో స్థానంలో ఆగింది. నాకు కోపం రాలేదు. "అయ్యో, ఇంకొంచెం పైకి రావలసింది" అనిపించింది, అంతే. ఓడిపోయిన పాటను రాత్రి మళ్ళీ పెట్టుకుని విన్నాను. 2006లో నాకు చేతకానిది 2023లో చేతనైంది. కారణం మీరే ఊహించండి. అక్కడ నాకు చుట్టాలెవరూ లేరు.

మీకు ఇంకా నమ్మకం కుదరకపోతే, అదే సంవత్సరం మార్చి 13 ఉదయాన్ని తలుచుకోండి. "నాటు నాటు" పాటకు ఆస్కార్ వచ్చిందన్న వార్త తెలియగానే మా బజారులో టీ కొట్టువాడు కూడా చిందేశాడు. రాసిన చంద్రబోస్‌గారిది మా పాత వరంగల్ జిల్లాలోని చల్లగరిగ. కట్టిన బాణీ కీరవాణిగారిది, పాడినవారు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. ఎవరికి ఎవరు చుట్టం అక్కడ? ముందు సంగీత విభాగం సభ్యులు పాటల్ని వడగట్టి 15గా, ఆపైన 5గా తేల్చారు. చివర అకాడమీ సభ్యులంతా ఓటు వేశారు. అందులో తెలుగు ముక్క వచ్చినవాళ్ళు ఎందరుంటారు? లేడీ గాగా పాట, రిహానా పాట పక్కన పెట్టి మనదానికి ఓటు వేశారంటే వాళ్ళ చెవికీ కాలికీ నచ్చి వేశారు. ప్రచారానికి డబ్బు అక్కడా ఖర్చవుతుంది, నేను కాదనను. అయినా ఎందుకు మనకు అంత పొంగు వచ్చింది? మన ఇంటివాళ్ళు మెచ్చుకోలేదు, పరాయివాళ్ళు మెచ్చుకున్నారు కనుక. మన పిల్ల వంట మనం మెచ్చితే ముచ్చట, వియ్యపురాలు మెచ్చితే గదా కితాబు!

పరాయివాడి చెవి మనపట్ల న్యాయంగా ఉండాలని అంత కోరుకుంటాం. మరి మన చెవి పరాయివాడిపట్ల ఎట్లా ఉంటోంది?

ఇక్కడే నేను అసలు సంగతి చెప్పాలి. ఇంతదాకా చెప్పినవి లోకం సంగతులు, ఇది నాది.

కొన్నేళ్ళ కిందట మా ఊళ్ళో ఒక పిల్లల కార్యక్రమంలో పాటల పోటీ పెట్టి, నన్ను ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకతెగా కూర్చోబెట్టారు. పట్టుచీర కట్టుకుని, చేతిలో మార్కుల కాగితంతో, చాలా గొప్పగా కూర్చున్నాను. మా వీధిలో నాకు బాగా కావలసినవారి అమ్మాయి సినిమా పాట పాడింది. నేర్పుగానే పాడింది, రెండుచోట్ల శ్రుతి జారింది. తర్వాత హాస్టల్లో ఉండి చదువుకునే ఒక కోయపిల్ల వచ్చింది. చెప్పుల్లేవు. మైకు ఎత్తు సరిచేసేవాళ్ళు లేరు. పాడింది కోయభాషలో, అడవిలో ఇప్పపువ్వు ఏరుకునే పాటేదో అని పక్కావిడ చెప్పింది. గొంతు సన్నగా మొదలై, నెమ్మదిగా హాలంతా నిండింది. చివరి వరుసలో అల్లరి చేస్తున్న పిల్లలు కూడా నోళ్ళు మూసుకున్నారు. నా ఒంటి మీద రోమాలు లేచాయి. అది నాకు తెలుసు.

తెలిసీ నేనేం చేశానో చెప్పనా? ముందు వరుసలో మా వీధి అమ్మాయి తల్లి నావైపే చూస్తోంది. మర్నాడు కుళాయి దగ్గర మొహమొహాలు చూసుకోవాలి. ఆ అమ్మాయికి పదికి తొమ్మిది, కోయపిల్లకు ఏడు వేశాను. "భాష అర్థం కాలేదు కదా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇటలీ భాష అర్థమై 12 వేశానా నేను?

ఆ పిల్లకు ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. స్టీలు గ్లాసు. రెండు చేతులతో తీసుకుని దిగిపోయింది. రెండేళ్ళ తర్వాత మేడారం జాతర రద్దీలో, వాళ్ళ అమ్మతో కలిసి బెల్లం బుట్ట మోసుకుంటూ కనిపించింది. నేనే గుర్తుపట్టి పలకరించాను. "పాడుతున్నావా అమ్మా?" అని అడిగాను.

"పాడుతనమ్మా, ఇంటికాడ. పోటీలకైతే పోత లేను" అంది. అందులో నిష్ఠూరమేమీ లేదు. జాతర జనంలో కలిసిపోయింది. నాకే ఆ మాట ఇన్నేళ్ళుగా గొంతులో ముల్లులా ఉంది.

మాకు ఎంతో దూరంలేని మణుగూరు వైపు కూనవరంలో సకిని రామచంద్రయ్యగారని డోలీ కళాకారుడుండేవారు. సమ్మక్క సారలమ్మల కథను పాటగా పాడేవారు. మేడారం జాతరకు దేశం నలుమూలల నుంచి జనం వస్తారు కదా, ఆ తల్లుల కథను నోటనే నిలుపుకున్న బహుకొద్దిమందిలో ఆయనొకరు. 2022లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన పాట ఏ ఫోను ఓటుకైనా నిలబడేదా? మొదటి వారమే ఇంటికి పంపేవాళ్ళం. మొక్కులు చెల్లించుకోవడానికి వెళ్ళే లక్షల మందిలో ఆయన గొంతు ఆగి విన్నవాళ్ళు ఎందరు? నేను జాతరకు ఎన్నోసార్లు వెళ్ళాను. ఆగలేదు. బెల్లం ధర మీద ఉన్న ధ్యాస డోలు మీద లేదు.

అందుకే అంటున్నాను అక్కలారా, చెల్లెళ్ళారా. ఈ ఓట్ల ఆటలో దోషం టీవీవాళ్ళ మీద ఒక్కరి మీదే వేయకండి. ఫోనుకు ఎన్ని ఓట్లైనా వేసుకోవచ్చు అంటే అది వాళ్ళ వ్యాపారం. ఒక మనిషికి ఒకే ఓటు, అన్ని ఓట్లకూ ఒకే విలువ అని అంబేడ్కర్‌గారు చెప్పిన దేశంలో, పాట దగ్గరకు వచ్చేసరికి ఇంట్లో ఎన్ని ఫోనులుంటే అన్ని ఓట్లు అయ్యాయి. దాన్ని ఆపడం మన చేతిలో లేదు. మన చెవి మాత్రం మన చేతిలో ఉంది.

మన తెలుగులోనే వేరే దారి చూశాం. 1996లో ఈటీవీలో "పాడుతా తీయగా" మొదలైనప్పుడు బాలుగారు ఓట్లు అడగలేదు. పిల్లల పక్కన నిలబడి, రాసిందెవరు, బాణీ ఎవరిది, ఈ మాట ఎందుకు ఇట్లా పలకాలి అని చెప్పేవారు. మార్కులు వేయడానికి తెలిసినవాళ్ళు కూర్చునేవారు. ఆ పోటీలో ఎవరు గెలిచారో చాలాసార్లు మరిచిపోయాను, పాట ఎట్లా వినాలో మాత్రం కాస్త నేర్చుకున్నాను. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయినప్పుడు మనం ఏడ్చింది ఒక గాయకుడి కోసమే కాదు, మనకు వినడం నేర్పిన మనిషి కోసం కూడా.

నేను మా ఇంట్లో మూడు కట్టుబాట్లు పెట్టాను. మీకు నచ్చితే మీరూ పెట్టుకోండి. ఒకటి, అందరి పాటా వినందే ఎవరూ ఓటు ముట్టుకోకూడదు. మధ్యలో రొట్టెలు మాడినా సరే. రెండు, మొదటి ఓటు మనవాడు కానివాడికి. మనవాడు నిజంగా అందరికన్నా బాగా పాడితే మిగతా దేశం వేస్తుంది, 2010లో వేయలేదూ? మూడు, ఊళ్ళో పోటీకి న్యాయనిర్ణేతగా పిలిస్తే, మన వీధి పిల్లలు అందులో ఉన్నారేమో ముందే అడిగి, ఉంటే దణ్ణం పెట్టి ఇంట్లో కూర్చోవడం. అంత ఓర్పు లేకపోతే కళ్ళు మూసుకుని వినడం. రేడియో రోజుల్లో మనం అట్లాగే విన్నాం. ఎవరి గొంతు ఏ ఊరిదో, ఏ కులానిదో, చెప్పులున్నాయో లేవో ఏమైనా కనిపించేదా?

"ఇట్లయితే మనోడు ఓడిపోతడు వదినా" అంది మా పక్కింటి వదిన, ఈ పురాణమంతా విని.

"ఓడిపోతే మనం వెళ్ళి అతని పాట మళ్ళీ విందాం. వినడానికి గెలవనక్కరలేదు కదా" అన్నాను.

వదిన మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. మరుసటి వారం అదే వేళకు మళ్ళీ వచ్చింది, చేతికి పిండి అంటుకుని ఉంది.

"వదినా, ఇయ్యాల రొట్టెలు ముందుగాలనే చేసి పెట్టి, అందరివీ కూసోని విన్న. ఆ అస్సాం పిల్ల ఉన్నది చూడు, ఏం పాడింది! కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్."

నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. "మరి ఓటు ఎవరికి వేశావు?"

వదిన కాస్త తలవంచుకుంది. "మూడు మనోడికే ఏసిన. నాలుగోది మాత్రం ఆ పిల్లకేసిన."

నాలుగింట ఒకటి. ఫరవాలేదు, పిండి పులియడానికి కూడా ఒక రాత్రి పడుతుంది.